పిట్టల తుపాకికి టేకు స్టాక్: గురి చెడేది కట్టెకూ ఇనుముకూ మధ్యే

స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు చేత్తో కొత్త స్టాక్ (ఇనుము కూర్చునే, భుజానికి ఆనే కట్టె భాగం) చేసుకున్నవాళ్లలో ఎక్కువమందికి ఒకటే చిక్కు ఎదురవుతుంది. కట్టె మంచిది, పాలిష్ అద్దంలా వచ్చింది, భుజానికి చక్కగా ఆనుతోంది. కానీ పాత స్టాక్‌లో 10 మీటర్ల దగ్గర పావలా బిళ్లంత చోట పడిన అయిదు పెల్లెట్లు ఇప్పుడు టీ గ్లాసు మూతంత చోట చెదురుతున్నాయి. బ్యారెల్ అదే, స్ప్రింగ్ అదే, పెల్లెట్లూ అవే. మారింది కట్టె ఒక్కటే. తప్పు పాలిష్‌లోనో నగిషీలోనో లేదు, కట్టెకూ ఇనుముకూ మధ్య మిగిలిన అర మిల్లీమీటరు సందులో ఉంది. చేసేవాళ్లు నెల రోజుల పనిలో ఇరవై రోజులు బయటి వంపులకు పెట్టి, ఆ సందుకు ఒక పూట ఇస్తారు. ఈ లెక్క తిరగబడాలి.

సైట్లు బ్యారెల్ మీదనో, సిలిండర్ మీదనో ఉంటాయి కదా, కట్టెలో ఇనుము కాస్త కదిలితే గురికి ఏమవుతుందన్న అనుమానం సహజం. నిజమే, గురి చూసే క్షణంలో ఏమీ కాదు. చెడేది ఆ తర్వాత. స్ప్రింగ్ తుపాకి ఒకే దిక్కుకు తన్నదు. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, తుపాకి వెనక్కి జరుగుతుంది. పిస్టన్ సిలిండర్ కొసకు చేరేసరికి అక్కడ నలిగిన గాలి దిండులా అడ్డుపడుతుంది, అప్పుడు తుపాకి మొత్తం ముందుకు దూకుతుంది. ఇదంతా దాదాపు సెకనులో వందో వంతులో అయిపోతుంది, పెల్లెట్ బయటపడేది ఈ ఊగులాట మధ్యలోనే. అంటే మీరు గురి పెట్టిన దిక్కు వేరు, పెల్లెట్ గొట్టం దాటే వేళకు బ్యారెల్ ఉన్న దిక్కు వేరు. ఆ తేడా ప్రతిసారీ ఒకేలా ఉంటే సైట్లు తిప్పి సరిచేసుకోవచ్చు. ఇనుము కట్టెలో ఒకసారి ఇలా, ఒకసారి అలా కూర్చుంటే తేడా కూడా రోజుకో రకంగా ఉంటుంది, దాన్ని ఏ సైటూ సరిచేయలేదు. పోటీల్లో 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌పై పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే అని గుర్తు తెచ్చుకుంటే, ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకో తెలుస్తుంది.

చట్టం సంగతి ముందే తేల్చుకుందాం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జూళ్లు దాటని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళ్తే దాని శక్తి 10 జూళ్లు. స్టాక్ మార్చడం వల్ల ఈ లెక్క మారదు. స్ప్రింగ్ మార్చి బలం పెంచడం, గొట్టం మార్చడం వేరే వ్యవహారం, ఈ పనిలో వాటికి చోటు లేదు. ఊళ్లో దీన్ని పిట్టల తుపాకి అంటారు గానీ, పిట్టలను కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇది కాగితం మీద గురి కోసమే.

కట్టె ఎంపిక

ఆదిలాబాద్, ములుగు అడవుల పుణ్యమా అని ఉత్తర తెలంగాణలో టేకు కోసం వెతుక్కోనక్కర లేదు. స్టాక్‌కు టేకు బాగా పనికొస్తుంది: వానకు, ఎండకు తక్కువగా కదులుతుంది, చెద పట్టదు, బరువు కూడా మధ్యస్థం. ఇరుగుడు కట్టె అందంగా ఉంటుంది గానీ చాలా బరువు, పైగా దాని పొడి చర్మానికి పడదు. నల్లమద్ది గట్టిదే, ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి ఉలికి వెన్నలా తెగుతుంది, కానీ మరలు పట్టేంత గట్టిది కాదు.

అన్నిటికన్నా మంచిది పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే దూలం. నలభై యాభై ఏళ్లు కప్పు కింద ఆరిన కట్టె అది, ఇక ఆరడానికి ఏమీ మిగలదు. కోయించే ముందు అయస్కాంతం పట్టుకుని నాలుగు వైపులా మెల్లగా తిప్పండి, లోపల విరిగి ఉండిపోయిన మేకు ఒక్కటి చాలు సామిల్లు బ్లేడు పళ్లు ఊడిపోవడానికి. కొత్త కట్టె కొంటే బిల్లు తప్పక తీసుకోండి. బిల్లు లేని టేకు ఇంట్లో దొరికితే అటవీశాఖకు జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

పలక కొలత 32 అంగుళాల పొడవు, 6.5 అంగుళాల వెడల్పు, 2.25 అంగుళాల మందం. సీఎఫ్‌టీ (ఘనపుటడుగుల) లెక్కన ఇది పావుకు కొంచెం ఎక్కువ. ఎండిన టేకైతే దాదాపు 5 కిలోలు తూగుతుంది, అందులో ముప్పావు వంతు రంద పొట్టుగా పోయి చివరికి కిలోన్నర లోపు స్టాక్ మిగులుతుంది. దూలం నుంచి అంత వెడల్పు రాకపోతే 5 అంగుళాల పలక తీసుకుని, భుజానికి ఆనే చివర కింది వైపు అదే దూలం ముక్కను అతికించుకోవచ్చు. తెల్ల కట్టె పూర్తిగా చెక్కేయండి, చేవ మాత్రమే ఉండాలి.

పలక ఆరిందో లేదో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. రెండు చివర్లకు మైనమో, పెయింటో పూసి గదిలో పెట్టండి. వారానికోసారి తూచి బరువు ఆ కట్టె మీదే పెన్సిల్‌తో రాయండి. మూడు వారాలు వరుసగా బరువు మారకపోతే పని మొదలుపెట్టవచ్చు.

స్టాక్ విరిగేది ఎప్పుడూ గ్రిప్ (ట్రిగ్గర్ వెనక చేత్తో పట్టుకునే చోటు) దగ్గరే. అక్కడ కట్టె సన్నబడుతుంది, వంపు తిరుగుతుంది. అట్టముక్కతో కోసిన నమూనాను పలక మీద పెట్టి, కట్టె గీతలు గ్రిప్ పొడవునా సాగేదాకా దాన్ని తిప్పుతూ పోవాలి. గీతలు గ్రిప్‌ను అడ్డంగా కోస్తుంటే ఆ స్టాక్ ఒకసారి చేయి జారి కింద పడితే చాలు, రెండు ముక్కలవుతుంది. ఆ గీతల కోసం ముందు భాగంలో మంచి డిజైన్ పోయినా పోనివ్వండి.

ఒంటి కొలతలు

ఇక్కడ ఎక్కువ లెక్కలు అక్కర్లేదు, అద్దం ముందు నిలబడితే సగం పని అయిపోతుంది. మోచేయి 90 డిగ్రీలు మడిచి, మోచేయి మడత నుంచి చూపుడు వేలు మొదటి కణుపు దాకా ఎంతుందో అంత, ట్రిగ్గర్ నుంచి భుజం దాకా కావలసిన పొడవుకు మొదటి అంచనా. పెద్దవాళ్లకు ఇది 13.5 అంగుళాల చుట్టుపక్కల వస్తుంది. అర అంగుళం తక్కువే చేసి, వెనక పావు అంగుళం రబ్బరు పలకలు చేర్చుకుంటూ సరిచూసుకోవడం మేలు. ఎదిగే పిల్లల కోసం చేసే స్టాక్‌కు ఇది మరీ ముఖ్యం.

చెంప ఆనే ఎత్తు తేల్చడానికి కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, మెడ సుఖంగా ఉన్నచోట చెంప ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. సైటు కంటికి ఎదురుగా ఉంటే ఎత్తు సరి. పైన ఖాళీగా కనిపిస్తే చెంప ఎక్కువ ఎత్తులో ఉంది, సైటు కనబడకపోతే తక్కువలో ఉంది. ఓపెన్ సైటుకు తక్కువ ఎత్తు, పీప్ సైటుకు, స్కోప్‌కు ఎక్కువ ఎత్తు కావాలి. నమూనాను ప్యాకింగ్ పెట్టెల పైన్ కట్టెతో చేసి, గ్రిప్ చుట్టూ ఎం-సీల్ ముద్ద అంటించి, అది గట్టిపడకముందే పట్టు పట్టి చూస్తే అరచేతి ఆకారం అచ్చంగా వచ్చేస్తుంది. చూపుడు వేలు కొస మెత్త ట్రిగ్గర్ మీద నిటారుగా ఆనాలి. వేలు పక్కనుంచి తోస్తే ప్రతి దెబ్బకూ తుపాకి పక్కకు జరుగుతుంది.

లోపల తొలచడం

ముందుగా ఒక జాగ్రత్త. రైఫిల్‌ను స్టాక్ నుంచి తీయడానికి ముందు వైపు రెండు పక్క మరలు, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో మరలు విప్పితే చాలు. సిలిండర్ వెనక మూత జోలికి వెళ్లవద్దు, దాని వెనక స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది, మూత ఊడితే ముఖానికే వస్తుంది. స్టాక్ బయట ఉండగా కాక్ చేయకూడదు, అంటే స్ప్రింగ్‌ను నొక్కి బిగించకూడదు. కొన్ని రైఫిళ్లలో ట్రిగ్గర్ పిన్నులు జారకుండా ఆపేది స్టాక్ గోడలే.

పలక నాలుగు వైపులా చదునుగా, మూలమట్టానికి సరిపోయేలా ఉన్నప్పుడే లోపలి పని అంతా పూర్తి చేయాలి. బయటి ఆకారం ముందు చెక్కి, తర్వాత లోపల తొలుస్తారు చాలామంది. అప్పటికి కొలత పెట్టుకోవడానికి ఒక్క చదునైన ముఖం కూడా మిగలదు, రంధ్రం వంకర పోతుంది. పైనా కిందా రెండు చివర్లా మధ్య గీత గీసి, మర రంధ్రాలు మొదట డ్రిల్ స్టాండు మీద వేయండి. తర్వాత సిలిండర్ గాడి. సిలిండర్ వెడల్పు వెర్నియర్‌తో కొలిచి, దానికన్నా 2 మిల్లీమీటర్లు తక్కువ వెడల్పుతో డ్రిల్ రంధ్రాలు వరుసగా వేసి, మధ్య గోడలు ఉలితో తీసేయాలి. మిగిలినది చేత్తోనే. సిలిండర్ కంటే కొంచెం సన్నటి పీవీసీ పైపుకు 80 నంబరు సాండ్ పేపర్ చుట్టి రుద్దితే గుండ్రటి అడుగు నేరుగా వస్తుంది. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, ఉలి అంచు త్వరగా చస్తుంది. అరగంటకోసారి సానబట్టకపోతే ఉలి కోయడం మాని చీలుస్తుంది.

గాడి లోతు సిలిండర్ మందంలో సగం. అంతకన్నా లోతైతే పై అంచులు సిలిండర్‌ను చిమటాలా పట్టుకుంటాయి, తీసేటప్పుడు అంచు లేచిపోతుంది. పక్క గోడలు ఎక్కడా 8 మిల్లీమీటర్ల కంటే సన్నబడకూడదు.

ఇక అసలు పని. ఆముదం దీపం మీద పట్టిన కాటుకను రెండు చుక్కల నూనెలో కలిపి సిలిండర్ అడుగున వేలితో పల్చగా రాయండి. పొర ఎంత పల్చగా ఉండాలంటే ఇనుము మెరుపు దాని కిందనుంచి కనిపించాలి. మందంగా రాస్తే తాకని చోటు కూడా నల్లబడి మోసం చేస్తుంది. ఇనుమును గాడిలో నేరుగా దించి, చెక్క సుత్తితో పైనుంచి ఒక్కసారి తట్టి, నేరుగా పైకి తీయండి. కట్టె మీద మొదట రెండే రెండు నల్ల చుక్కలు కనిపిస్తాయి, బరువంతా మోస్తున్నవి అవే. ఆ చుక్కలనే, వాటి చుట్టుపక్కలను కాదు, అద్దం పెంకుతోనో స్క్రాపర్‌తోనో కాగితం మందాన గీకండి. మళ్లీ దించండి. ఈసారి నాలుగు చుక్కలు. ఇలా నలభై యాభై సార్లు అయ్యాక గాడి అడుగంతా సన్నటి నల్ల పులకరింతలా నిండుతుంది. అంతవరకూ ఓపిక పట్టినవాళ్లకు బెడ్డింగ్ (సందును జిగురుతో నింపే పని, కింద చెబుతాం) నామమాత్రమే. తొందరపడి గుల్లగా తొలిచినవాళ్లు ఆరల్డైట్ అనే ఎపాక్సీ జిగురుతో పూడ్చుకోవాలి.

తాకాల్సిన చోట్లు ఎన్నో తాకకూడని చోట్లూ అన్నే. సిలిండర్ అడుగు, ముందు మరల దగ్గరి లగ్ (మరలు దిగే ఇనుప ముక్క), ట్రిగ్గర్ గార్డు మర చుట్టూ గట్టిగా ఆనాలి. ట్రిగ్గర్ పెట్టె చుట్టూ, బ్యారెల్ కింద ఏమీ తాకకూడదు. బ్యారెల్ మడిచే రైఫిల్‌లో కింద కాకింగ్ కడ్డీ జరిగే పొడవాటి గాడి ఇంకో చిక్కు. కడ్డీకి రెండు పక్కలా 2 మిల్లీమీటర్ల ఖాళీ, పొడవులో పాత స్టాక్ కంటే ఓ 10 మిల్లీమీటర్లు అదనం పెట్టండి. కడ్డీకి కాటుక రాసి, స్టాక్ బిగించి, మెల్లగా పూర్తిగా కాక్ చేసి, పెల్లెట్ పెట్టి ట్రాప్‌లోకి (పెల్లెట్లను ఆపే పెట్టెలోకి) కాల్చి, విప్పి చూడండి. ఎక్కడ నల్లగా ఉంటే అక్కడ తీయాలి. పెల్లెట్ లేకుండా ఉత్తగా కాల్చకండి, పిస్టన్ సీల్ నలిగిపోతుంది.

బెడ్డింగ్, మరలు

బెడ్డింగ్ అంటే ఇనుముకు కట్టె మీద ఎపాక్సీతో అచ్చు తీయడం. అయిదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, నెమ్మదిగా గట్టిపడే ఆరల్డైట్ తీసుకుని, ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలోనే కలపాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, దాని మీద ఎపాక్సీ పట్టినట్టే పట్టి కొన్నాళ్లకు రేకులా లేచిపోతుంది. అందుకే పూసే ముందు అసిటోన్‌తో కట్టెను రెండుసార్లు తుడిచి, ఆరగానే పూయాలి. మర్నాటికి వదిలేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది. ఇనుముకు బూట్ పాలిష్ రెండు పూతలు రాసి మెరిపించాలి, ఎపాక్సీ దానికి అంటుకోకుండా. ప్రతి రంధ్రాన్నీ గాడినీ పిల్లలు ఆడుకునే క్లే మట్టితో పూడ్చాలి. ఒక్క గాడిలోకి ఎపాక్సీ దిగి గట్టిపడితే ఇనుము కట్టె నుంచి మళ్లీ రాదు, స్టాక్ కోయాల్సిందే.

పొర మందం ఒకటి నుంచి 2 మిల్లీమీటర్లు. ఇనుము తన బరువుతో తాను కూర్చోవాలి, మరలు వేళ్లతో తిప్పినంతే. ఇక్కడ గట్టిగా బిగిస్తే కట్టె వంగిన స్థితిలో అచ్చు తయారవుతుంది, ఆ ఒత్తిడి ఎప్పటికీ పోదు. 24 గంటలు కదపవద్దు. డిసెంబరు చలిలో అయితే రెండు రోజులు.

ముందు వైపు పక్క మరల దగ్గర ఇది మరీ కీలకం. కాకింగ్ గాడి వల్ల స్టాక్ ముందు భాగం రెండు చీలికల్లా ఉంటుంది. కట్టెకూ లగ్‌కూ మధ్య సందు ఉండగా మరలు బిగిస్తే ఆ చీలికలు లోపలికి వంగుతాయి. ప్రతి కుదుపుకూ అవి స్ప్రింగులా ఆడతాయి, వంద దెబ్బలకు మర వదులవుతుంది, ఏడాదికి కట్టె పగులుతుంది. మర వదులవుతోందని ఇంకా గట్టిగా బిగిస్తూ పోతే పగులు ఇంకా ముందే వస్తుంది.

మర తల కింద కట్టె నలగకుండా ఇత్తడి కప్పు గానీ అల్యూమినియం గొట్టం గానీ పెట్టాలి. ఆరు మిల్లీమీటర్ల మరకు బయట 10, లోపల 6.5 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది. ఏ లేత్ షాపులోనైనా కొలత ఇస్తే తీసిస్తారు. గొట్టం కట్టె కంటే పొట్టిగా ఉండకూడదు, ఇనుము నుంచి మర తల దాకా లోహానికి లోహమే ఆనాలి, కట్టె మధ్యలో నలగకూడదు. అలెన్ కీ పొట్టి కొస చేత్తో పట్టుకుని రెండు వేళ్లతో ఎంత తిరిగితే అంతే బిగింపు. మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు, నీలం లాక్‌టైట్, ఒక చుక్క చాలు. ఎరుపుది వేస్తే విప్పడానికి వేడి చేయాలి, పక్కనే ఎపాక్సీ, కట్టె.

బెడ్డింగ్ సరిగా వచ్చిందో లేదో వేలే చెబుతుంది. అన్ని మరలూ బిగించి, సిలిండర్‌కూ కట్టెకూ కలిసే గీత మీద చూపుడు వేలి కొస ఆనించండి. ముందు మర మెల్లగా వదులు చేయండి. ఇనుము వెంట్రుకవాసి లేచినా వేలికి తెలుస్తుంది. లేస్తే ఒత్తిడి మిగిలి ఉందన్నమాట, ఆ పొర గీకి మళ్లీ పోయాలి. ఏమీ తెలియకపోతే కుదిరినట్టే.

బయటి పని

దీని గురించి తక్కువే చెప్పాలి, వరంగల్ చుట్టుపక్కల ఏ వడ్రంగికైనా ఇది మాకంటే బాగా తెలుసు. బ్యాండ్ రంపంతో బయటి గీతకు పావు అంగుళం దూరంగా కోయించి, బాడిసతోనో రందతోనో దించి, అరచంద్రం ఆకురాయితో వంపులు తీయడమే. గ్రిప్ 32 మిల్లీమీటర్ల కంటే సన్నం చేయకండి. సాండ్ పేపర్ 80 నుంచి 120, 180, 240, 320 వరుసలో. 240 తర్వాత తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే పీచు లేస్తుంది, అది 320తో తీసేస్తే మళ్లీ లేవదు. టేకు పొడి ముక్కుకు, చర్మానికి మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.

లక్క పాలిష్ మెరుస్తుంది గానీ చెమట తగిలితే తెల్లబడుతుంది. ఉడికించిన అవిసె నూనె మేలు. పచ్చి అవిసె నూనె వానాకాలంలో వారాల తరబడి జిగురుగానే ఉంటుంది. పల్చగా పూసి, పావుగంట తర్వాత గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి, రోజుకొక పూత చొప్పున అయిదారు. ఆ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉన్న గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. మే నెల ఎండలో రేకుల షెడ్డులో మరీ ప్రమాదం. తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి. లోపలి గాడికీ, మర రంధ్రాలకూ, వెనక రబ్బరు కిందకీ నూనె పట్టించడం చాలామంది మరిచిపోతారు. బయట మాత్రమే పూస్తే తేమ లోపల్నుంచి ఎక్కుతుంది, కట్టె ఒక వైపే ఉబ్బి మెలి పడుతుంది.

కాగితం చెప్పేది

పాత స్టాక్ విప్పే ముందే 10 మీటర్ల నుంచి అయిదేసి పెల్లెట్లతో అయిదు గ్రూపులు కాల్చి కాగితాలు దాచుకోవాలి. లేకపోతే కొత్తది బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక గ్రూపును చూసి ఏదీ తేల్చకండి. పెల్లెట్ ట్రాప్‌లో ఇనుప పలక ముందుకు వాలి ఉండాలి, వెనక గట్టి గోడ ఉండాలి, కళ్లకు అద్దాలు ఉండాలి. పెల్లెట్లు సీసం, చేతులు కడుక్కున్నాకే అన్నం.

కొత్త స్టాక్‌లో పెల్లెట్లు కాగితం మీద నిలువుగా చెదిరితే తుపాకి ముందు భాగాన్ని మోసే చేతి కింద చూడండి: కాకింగ్ కడ్డీ కట్టెను తాకుతోందేమో, లేదా రైఫిల్‌ను ఒక్కోసారి ఒక్కో చోట ఆనిస్తున్నారేమో. స్ప్రింగ్ తుపాకిని గట్టిగా బిగించి పట్టుకుంటే దాని ఊగులాటకు మీ చేతి వణుకూ తోడవుతుంది. అరచేతిని పీటలా పెట్టి దాని మీద కూర్చోనివ్వాలి, ప్రతిసారీ అదే చోట. ఆ చోటికి కట్టె మీద చిన్న గీత గీసుకోవడంలో తప్పు లేదు. అడ్డంగా చెదిరితే చెంప ఒత్తిడి గానీ పక్క మరల్లో ఒకటి వదులవడం గానీ కారణం. ఒకే కాగితం మీద రెండు వేర్వేరు గుంపులు పడితే అనుమానమే అక్కర్లేదు, ఇనుముకు కట్టెలో కూర్చోవడానికి రెండు చోట్లున్నాయి. బెడ్డింగ్ గీకి మళ్లీ పోయండి. మొదటి నాలుగైదు దెబ్బలు దూరంగా పడి తర్వాత కుదురుకుంటే మరలు చూసుకోండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మరలు బిగించి, చెంప ఎత్తు మార్చి, పెల్లెట్లూ మార్చి కాల్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

మే నెలలో 44 డిగ్రీల ఎండలో చేసిన స్టాక్‌కు అసలు పరీక్ష తొలకరి తర్వాత వస్తుంది. జులై చివర్లో ఒకసారి మరలు విప్పి, గాడిలో మళ్లీ కాటుక పెట్టి చూడండి. ట్రిగ్గర్ పెట్టె పక్కన, ఇదివరకు తెల్లగా ఉన్న చోట, కొత్త నల్ల గీత కనిపిస్తే కట్టె ఉబ్బి ఇనుమును తాకుతోంది. అక్కడ స్క్రాపర్‌తో కాగితం మందాన తీసి, నూనె పూసి, మళ్లీ బిగించాలి.